రెండు బ్రాకెట్లు

ఏదైనా పాడైతే ముందు నన్నే నేను అనుమానించుకోవడం నాకు అలవాటు. పెరుగు తోడుకోకపోయినా సరే, "నేనే ఏదో చేసుంటాను" అనుకుంటాను. కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ బుద్ధి పోలేదు.

ఇన్నేళ్ళుగా ఇక్కడ రాసిన వంటలన్నిట్లోంచి కావలసిన పదార్థాల జాబితాలు ఒకచోట చేర్చుకుందామనుకున్నాను. ఒక్కో పేజీ తెరిచి కాపీ చేస్తుంటే మా అమ్మాయి చూసి, "పైథాన్ నేర్చుకోరాదూ అమ్మా?" అంది. పేజీలో ఏది శీర్షికో, ఏది జాబితానో విడదీసి ఇచ్చే లైబ్రరీలు ఉంటాయట. అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములు. మనం ఊరికే వాడుకోవచ్చు. ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ కూడా ఉంటుంది.

మధ్యాహ్నం పనులయ్యాక అందులోని మొదటి ఉదాహరణ పొల్లు పోకుండా టైప్ చేశాను. ఎర్రర్. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎర్రర్. బ్రాకెట్లు లేవని ఆ ఎర్రర్‌లో రాసే ఉంది. కానీ ఉదాహరణలో లేనివి నేనెలా పెడతాను? మూడు రోజులు చూసి, "ఈ వయసులో నాకెందుకిది" అని మూసేశాను.

ఆదివారం అమ్మాయి చూసి నవ్వింది. "నువ్వు సరిగ్గానే కొట్టావమ్మా. తప్పు వాళ్ళదే." పైథాన్ రెండో వెర్షన్‌లో 'ప్రింట్' తర్వాత బ్రాకెట్లు అక్కర్లేదట. 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి తప్పనిసరి. 2020 జనవరి 1తో రెండోదానికి మద్దతు కూడా ఆపేశారు. ఆ పేజీలో అన్నీ మార్చి, ఆ ఒక్క ఉదాహరణ మర్చిపోయారు.

నాకు మా అత్తయ్యగారి ఆవకాయ నోట్‌బుక్ గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో అందులో ఉన్నట్టే పెడితే నెల తిరక్కుండా బూజు పట్టింది. ఉప్పు కొలత సగమే రాసి ఉంది మరి. ఆవిడకి చేతి కొలతే కాబట్టి ఆ పుస్తకం ఎప్పుడూ తెరవలేదు. తెలిసినవాళ్ళు చూడరు. చూసేది కొత్తవాళ్ళే, దెబ్బ తినేదీ వాళ్ళే. కొత్త కోడల్ని, అత్తగారి రాత మీద గీత ఎలా గీస్తాను? ఊరుకున్నాను. మరుసటేడు మా తోడికోడలు కూడా అదే చూసి ఓ జాడీడు ఆవకాయ పాడుచేసుకుంది, పాపం.

ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. అమ్మాయి గిట్‌హబ్‌లో ఖాతా తెరిపించింది. ఆ ఫైలుకి మన కాపీ తీసుకుని, దిద్ది, "ఇది కలుపుకోండి" అని పంపాలి. దాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. పాత వాక్యం ఎర్రగా, కొత్తది పచ్చగా పక్కపక్కన కనిపించాయి. నేను చేర్చింది రెండు బ్రాకెట్లే! "ఇంత చిన్నదానికి విసుక్కుంటారేమో" అని బటన్ నొక్కడానికి పావుగంట తటపటాయించాను. రెండు రోజుల తర్వాత ఎవరో థాంక్స్ చెప్పి కలిపేసుకున్నారు.

ఆ సాయంత్రమే అత్తయ్యగారి నోట్‌బుక్ తీసి, ఆవిడనే అడిగి, ఉప్పు కొలత దిద్దాను. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అన్నారావిడ.

నిజమే కదా, ఎందుకు చెప్పలేదు?