నేల ఒప్పుకుంటేనే మడ నిలుస్తుంది

నాటిన మొక్క ఎండిపోతే మనం మొక్కను నిందిస్తాం, లేదా నీరు పోయని మనిషిని నిందిస్తాం. నేలను ప్రశ్నించేవారు అరుదు. కృష్ణా డెల్టా చివరి అంచున పెరిగే మడ అడవులను చూసిన తరువాతే నాకు ఆ ప్రశ్న విలువ తెలిసింది.

మా అమ్మీ పుట్టిల్లు నాగాయలంక. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మాట వస్తే నానీ గొంతు తగ్గిపోయేది. దివిసీమలో వేలాది ప్రాణాలను మింగిన రోజు అది. అందుకే మా కుటుంబానికి మడ అడవి కేవలం పచ్చదనం కాదు. దాని వేళ్లు అలల వేగాన్ని తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి ఉంచుతాయి. రొయ్యపిల్లలు, పీతలు ఆ వేళ్ల నీడలోనే ఎదుగుతాయి. మామూజాన్ ఇంట పొయ్యి వెలిగేది ఆ వేటతోనే.

మడ ఉప్పునీటి చెట్టే. అయినా దాని ఓర్పుకూ హద్దుంది. పూర్వం కలప కోసం కూపుల వారీగా అడవిని నరికినప్పుడు నీడ పోయి, ఎండకు నేల ఆరి కుంగింది. ఆ పల్లంలోకి వచ్చిన పోటు నీరు తిరిగి వెళ్లలేక నిలిచిపోయింది. వేసవిలో నీరు ఆవిరై ఉప్పు మిగిలింది. ఏటేటా పేరుకున్న ఆ ఉప్పులో తెల్లమడ విత్తనం సైతం నిలదొక్కుకోలేదు.

దీనికి విరుగుడు మరిన్ని మొక్కలు కాదు, నీటికి దారి. అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవులలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు నీరు లోనికి వచ్చి, ఉప్పును కడిగి వెనుదిరుగుతుంది. ఆ కాలువల గట్ల వాలులో నాటిన మొక్కలు నిలిచాయి. “ముందు నీళ్ల దారి చూడాలి బేటా, మొక్క సంగతి తరువాత” అంటారు మామూజాన్.

ఇది ఉప్పునేలకే పరిమితమైన నియమం కాదు. ఉత్తర ఐరోపాలో స్ప్రూస్ చెట్లు నీరు నిలిచే నేలలో వేళ్లను లోతుకు పంపలేక పెనుగాలికి ఒరిగిపోతాయి. ఫిన్లాండులో చిత్తడి నేలల నీరు తీయడానికి విస్తారంగా కాలువలు తవ్వారు. చెట్టు వేరు, శీతోష్ణం వేరు. వేరుకు ఊపిరి కావాలన్న నియమం ఒక్కటే.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదుగా రోజూ వెళ్లే మనకు, కింద ఆగిన నీరు మన పొలాలదీ, మన కుళాయిలదీ అనిపిస్తుంది. పులిగడ్డ వద్ద చీలి దివిసీమను చుట్టే ఆ నదిలో మడకూ వాటా ఉంది. మంచినీరు కలిసినప్పుడే అక్కడి ఉప్పు పలుచబడుతుంది.

మన బడులలో, మహల్లాలలో ఏటా మొక్కలు నాటుతాం, సంఖ్య ప్రకటిస్తాం. ఇకపై ఒక గుప్పెడు మట్టిని పిల్లల చేతిలో పెట్టి, ఇది తడిని పట్టి ఉంచుతుందా, వదిలేస్తుందా, చవుడా, ఒండ్రా అని ముందుగా అడుగుదాం. నేల మన సొత్తు కాదు, మన చేతికి వచ్చిన అమానతు. అమానతును అప్పగించేవాడు ముందు దాని స్థితిని తెలుసుకోవాలి.