పోలీసులే పారిపోతే: 'నాయట్టు' చూసి రాసుకున్న నోట్సు

ఈ వారం ఎస్సే ప్రాక్టీసుకి నేను పెట్టుకున్న అంశం 'చట్టం మీద నమ్మకం'. శనివారం రాత్రి కూర్చుని రెండు పేరాలు రాశాక పెన్ను ఆగిపోయింది. ప్రకాశ్ సింగ్ కేసు, రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్, చివర్లో ఆశావహంగా నాలుగు వాక్యాలు. మీరూ నేనూ ఇప్పటికి ఇరవైసార్లు రాసిన వ్యాసమే అది. కాగితం పక్కన పెట్టి సినిమా చూశాను. చదువుకోవాల్సిన టైంలో సినిమా ఏమిటని అడగాలనుకునేవాళ్ళు, పోస్టు మొత్తం చదివాక తిట్టండి.

సినిమా పేరు 'నాయట్టు'. మలయాళం, 2021లో వచ్చింది. మార్టిన్ ప్రక్కాట్ తీశాడు, షాహీ కబీర్ రాశాడు. ఈ రచయిత ఒకప్పుడు కేరళ పోలీసు శాఖలో పనిచేసినవాడే. ఆ సంగతి తెలియకపోయినా పది నిమిషాలు చూస్తే మీకే అనుమానం వస్తుంది. నాయట్టు అంటే వేట. ఏఎస్సై మణియన్, కానిస్టేబుళ్ళు ప్రవీణ్, సునీత ఒకే స్టేషన్ వాళ్ళు. ఒక రాత్రి వాళ్ళు వస్తున్న జీపుకీ ఒక బైకుకీ ప్రమాదం జరిగి ఒక యువకుడు చనిపోతాడు. చనిపోయినవాడు దళితుడు. అతని వాళ్ళకీ ఈ పోలీసులకీ అప్పటికే స్టేషన్లో గొడవ జరిగి ఉంటుంది. పైగా ఉప ఎన్నిక దగ్గర పడింది. పోలింగ్ లోపు అరెస్టు చూపించాలి. ముగ్గురూ పారిపోతారు. మిగతా సినిమా అంతా ఆ పరుగే. కాకపోతే నిజానికి అందులో పరుగు తక్కువ, దాక్కుని కూర్చోవడం ఎక్కువ. మున్నార్ కొండల్లో ఒక గది, తెరవని కిటికీ, తినాలనిపించని తిండి.

నెమ్మదిగా నడుస్తుందని చాలామంది విసుక్కున్నారు. నాకు ఆ నెమ్మదిలోనే సినిమా దొరికింది. మామూలు నేరస్థుడు పారిపోతే వాడికి పట్టుబడతానన్న భయం ఉంటుంది. ఈ ముగ్గురి భయం వేరు. పట్టుబడ్డాక ఏం జరుగుతుందో వాళ్ళకి తెలుసు. ఎఫ్ఐఆర్ ఎవరు దిద్దుతారో, సాక్షి ఎక్కడి నుంచి వస్తాడో, లాకప్పులో రాత్రి రెండింటికి ఏమవుతుందో అన్నీ తెలుసు. ఎందుకంటే నిన్నటిదాకా ఆ పని చేసింది వాళ్ళే. చట్టం ఎలా నడుస్తుందో అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు దాని చేతికి చిక్కకూడదని అడవి పట్టారు. నేను శనివారం రాయబోయిన వ్యాసానికి ఇంతకన్నా పెద్ద సవాలు లేదు. ఇది అర్థం కావాలంటే మనమూ ఆ గదిలో కాసేపు ఉక్కిరిబిక్కిరి కావాలి. గంటన్నరలో ఆరు ఫైట్లు పెడితే అర్థం కాదు.

దీన్నే 2023 నవంబరులో తెలుగులో 'కోటబొమ్మాళి పీఎస్' పేరుతో తీశారు. తేజ మార్ని దర్శకుడు. హెడ్ కానిస్టేబుల్‌గా శ్రీకాంత్, కానిస్టేబుళ్ళుగా రాహుల్ విజయ్, శివానీ రాజశేఖర్ వేశారు. కథని శ్రీకాకుళానికి తెచ్చారు. సోనారిలో మా ఇంట్లో దాన్ని పండగలా చూశారు. మా తాతగారు ఆ వైపు నుంచే టాటా కంపెనీ పనికి జంషెడ్‌పూర్ వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది కథ అదే. ఇంట్లో సగం హిందీ కలిసిపోయిన తెలుగు మాట్లాడే మాకు, తెర మీద ఆ యాస వినపడితే నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. 'లింగిడి లింగిడి' పాట ఆ నెలంతా మా వీధిలో మోగింది. సినిమాగా చూస్తే తెలుగుది వేగం పెరిగి, వరలక్ష్మి శరత్‌కుమార్ ఎస్పీ పాత్ర వచ్చాక ఎత్తుకి పైఎత్తు ఆటలా తయారైంది. చెడ్డ సినిమా కాదు. కానీ ఆట మొదలయ్యాక భయం పల్చబడింది.

అమ్మ మాత్రం రెండో సగం చూడలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

మా మేనమామ ఆ జిల్లాలోనే కానిస్టేబుల్. ఏ స్టేషనో రాయను. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఆయన్ని సస్పెండ్ చేశారు. స్టేషనుకి తెచ్చిన ఒకతన్ని కొట్టారు, మర్నాడు అతను ఆసుపత్రి పాలయ్యాడు, బంధువులు రోడ్డు మీద కూర్చున్నారు. మామ కొట్టలేదు. మామ స్టేషన్ రైటర్. జనరల్ డైరీ ఆయన చేతిరాతలో ఉంటుంది. పొద్దున తెచ్చిన మనిషిని సాయంత్రం తెచ్చినట్టు రాశాడు, రాయమన్నారు కాబట్టి. విచారణలో రాయమన్న నోరు ఎవరికీ గుర్తు రాలేదు, రాసిన చెయ్యి మాత్రం కాగితం మీద ఉంది. ఏడాది పైగా జీవన భత్యం మీద బతికారు. అత్త పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. తర్వాత మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వస్తే చివరి వరసలో కూర్చుంటాడు.

ఇక్కడ మన సిలబస్ దగ్గరికి వద్దాం. డి.కె. బసు తీర్పు, 1996 డిసెంబరు 18. అరెస్టు మెమోలో తేదీ, సమయం ఉండాలి, సాక్షి సంతకం ఉండాలి, అరెస్టయిన మనిషి సంతకం ఉండాలి. మనం దాన్ని పాయింట్లుగా బట్టీ పట్టాం. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్ళాలి. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో చెప్పేది ఒక కానిస్టేబుల్ రాసే ఒక్క అంకె. ఆ అంకె మారితే తీర్పు మొత్తం మారిపోతుంది. మా మామ మార్చింది అదే.

మరి రాయను అనొచ్చు కదా? 1861 పోలీసు చట్టం 23వ సెక్షన్ చూడండి. చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాలనే పాటించాలంటుంది. (కోస్తాంధ్రకి వర్తించేది అంతకన్నా పాతది, 1859 నాటి మద్రాసు జిల్లాల పోలీసు చట్టం. ప్రిలిమ్స్‌లో అడగరు, సరదాగా గుర్తుంచుకోండి.) అంటే అక్రమమైన ఆదేశం పాటిస్తే తప్పు పాటించినవాడిదే. 'పైవాళ్ళు చెప్పారు' అన్నది రక్షణ కాదు. సూత్రంగా ఇది సరైనదే, నేను దాన్ని మార్చమనను. కానీ దీని పక్కన 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి పెట్టి చూడండి. అందులో మూడో నియమం ప్రకారం పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి. నోటిమాటగా ఇవ్వక తప్పకపోతే వెంటనే రాతలో ధ్రువీకరించాలి. ధ్రువీకరణ అడిగి తీసుకోవడం ఆదేశం అందుకున్న అధికారి బాధ్యత. ఇది ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఓఎస్ అధికారులకి. అర్ధరాత్రి స్టేషన్లో ఒక రైటరు తన సీఐని 'సార్, అది కాగితం మీద రాసి ఇవ్వండి' అని అడగడం మీరు ఊహించగలరా? రాష్ట్ర పోలీసు బలగాల్లో ఐదింట నాలుగు వంతులకి పైగా ఉన్నది కానిస్టేబుళ్ళే. వాళ్ళ దగ్గర ఆదేశం నోటితో వస్తుంది, శిక్ష కాగితం మీద వస్తుంది.

2006 సెప్టెంబరు 22న వచ్చిన ప్రకాశ్ సింగ్ తీర్పులోని ఏడు ఆదేశాలు మళ్ళీ చదివాను. డీజీపీకి రెండేళ్ళు, ఎస్పీకి, స్టేషన్ ఆఫీసరుకి కనీసం రెండేళ్ళ పదవీకాలం, దర్యాప్తునీ శాంతిభద్రతల్నీ విడదీయడం, ఫిర్యాదుల అథారిటీలు. మంచివే. రాజకీయ ఒత్తిడి నుంచి అధికారిని కాపాడాలని చూస్తాయి. అధికారి ఒత్తిడి నుంచి కానిస్టేబుల్‌ని కాపాడే ఎనిమిదోది లేదు. మెయిన్స్ జవాబులో ఈ మాట రాస్తే మార్కులు వస్తాయో రావో నాకు తెలియదు, నేనైతే రాస్తాను.

ఇంతవరకు చదివి మీరు సినిమాకి చప్పట్లు కొట్టి ఉంటే, నాకున్న పేచీ కూడా వినండి. 'నాయట్టు' మీద దళిత రచయితలు, విమర్శకులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. దళిత సంఘాన్ని ఓట్ల బేరంగా, అట్రాసిటీ చట్టాన్ని పోలీసుల మెడకి ఉచ్చుగా చూపించారని. పారిపోయినవాళ్ళలో మణియన్, సునీత కూడా దళితులే, కాబట్టి సినిమా అంత సూటిగా లేదని కొందరి వాదన. నాకు అది సరిపోలేదు. మనం తెలుగువాళ్ళం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన రాష్ట్రం మనది. 1989 చట్టం ఎందుకు వచ్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మన దగ్గర అట్రాసిటీ కేసు అంటే స్టేషన్ గడప దాటించడమే పెద్ద యుద్ధం. సినిమా మొత్తం ముగ్గురు పోలీసుల ముఖాల్లోకి చూస్తూ కూర్చుంటుంది. చనిపోయిన కుర్రాడి ఇంటికి ఒక్కసారైనా అంత నిదానంగా వెళ్ళదు. నెమ్మది అనేది కూడా ఒక పక్షపాతమే. కెమెరా ఎవరి దగ్గర ఆగితే మన జాలి అక్కడ ఆగుతుంది.

దీనికి తలకిందులుగా ఉన్న దృశ్యం 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో చూశాం. దిశ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్లో చనిపోయిన చోట జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పది మంది పోలీసుల మీద హత్యా నేరం కింద విచారణ జరపాలంది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. పూలు చల్లిన రోజు వీడియోలు మన ఫోన్లలో తిరిగినన్ని సార్లు ఆ నివేదిక తిరగలేదు. ఆ రోజు నేనూ షేర్ చేశాను. అప్పటికి మామ సంగతి నాకు తెలుసు, అయినా చేశాను.

సర్వీసుల ప్రాధాన్య క్రమంలో మొదట ఐపీఎస్ పెడతానని ఇక్కడే ఒకసారి రాశాను. మీలో కొందరు అభినందించారు. ఆదివారం సాయంత్రం దోముహాని దగ్గర, ఖర్కయీ వచ్చి సువర్ణరేఖలో కలిసే చోట కూర్చుని అదే ఆలోచించాను. ఆ కుర్చీలో కూర్చుంటే నా కింద వందల మంది మామలు ఉంటారు. పైనుంచి ఎన్నిక ముందు ఫోన్ వస్తుంది. 'కాగితం మీద ఇవ్వండి సార్' అని నేను పైకి అనగలనా అన్నది ఒక ప్రశ్న. నా కిందివాడు నాతో ఆ మాట అంటే నాకు కోపం రాకుండా ఉంటుందా అన్నది రెండోది. కేస్ స్టడీల్లో మొదటి ప్రశ్నకి చాలా జవాబులు రాశాను. రెండోది ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచే మామకి ఫోన్ చేశాను. సినిమా చూశారా అంటే చూడలేదన్నాడు. ఆ రోజు రాయనని ఎందుకు అనలేదు మామయ్యా అని మొదటిసారి అడిగేశాను. కాసేపు ఏమీ అనలేదు.

"రాయకపోతే ఏటవుద్దో అప్పుడు తెలీదమ్మా. రాస్తే ఏటవుద్దో కూడా తెలీదు" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. మా ఇంట్లో ఈ కథ వందసార్లు చెప్పుకున్నారు. మామ సస్పెన్షన్, అత్త తాకట్టు, అమ్మమ్మ ఏడుపు అన్నీ ఉంటాయి అందులో. దెబ్బలు తిన్న మనిషి పేరు ఒక్కసారీ లేదు. నేను తిట్టుకున్న సినిమా లాగే మేమూ మా వాళ్ళ ముఖం దగ్గరే కెమెరా ఆపాం. ఆయన పేరేమిటని అడిగాను.

మామ తడుముకోలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఊరు చెప్పాడు, ఇద్దరు పిల్లలని చెప్పాడు. "పొద్దున ఎనిమిదిన్నరకి తెచ్చేరు. టీ కూడా తాగలేదు" అన్నాడు.