పిజ్జా బల్ల దగ్గర పెద్దరికం

హోటల్లో ఏం తినాలో నిర్ణయించే హక్కును ఆయన నలభై ఏళ్లపాటు ఎవరికీ వదల్లేదు. తెనాలిలో ఏ టిఫిన్ హోటల్‌కు వెళ్లినా, కుర్చీ లాక్కుని కూర్చుంటూనే ‘‘నాలుగు ప్లేట్లు ఇడ్లీ, రెండు పెసరట్టు, అల్లం చట్నీ ఎక్కువెయ్’’ అని కేకేసేవారు. సర్వరు కూడా మరొకరి వంక చూసేవాడు కాదు. 2006 వేసవిలో ఒక శనివారం సాయంత్రం, హైదరాబాద్‌లో కొడుకు కుటుంబంతో పిజ్జా రెస్టారెంట్‌కు వెళ్లినప్పుడు ఆ హక్కు చేజారింది.

మెనూ నేరుగా ఎనిమిదేళ్ల మనవరాలి చేతికి వెళ్లింది. పాన్, థిన్ క్రస్ట్, టాపింగ్స్, ఎక్స్‌ట్రా చీజ్. ఆ ఇంట్లో ఈ భాష అందరికంటే బాగా వచ్చింది ఆ పిల్లకే. ఆయనకు ఇంగ్లిష్ రాక కాదు. ఆర్టీసీ డిపోలో క్లర్కుగా ఉద్యోగమంతా ఇంగ్లిష్‌లో మెమోలు రాసిన మనిషే. అక్షరాలు కనిపిస్తున్నాయి, తిండి కనిపించడం లేదు. ‘‘తాతయ్యా, నీకేం కావాలి?’’ అని మనవరాలు అడిగితే ‘‘మీరేది తింటే అదే’’ అన్నారు. భర్త నోట ఆ మాట వినడం ఆయన భార్యకు అదే మొదలు.

ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జా ఒకప్పుడు కూలీనాలీ జనం వీధిలో నిలబడి తిన్న తిండి. మన దగ్గర అది జీతాల రోజు తినేదయింది. ఢిల్లీలో నిరూలాస్ చాలా ముందే పిజ్జా అమ్మినా, దాన్ని ఊరూరా తిప్పినవి 1996లో వచ్చిన డామినోస్, పిజ్జా హట్‌లు. అదే ఏడాది జనవరిలో బెంగళూరులో కర్ణాటక రైతు సంఘం కార్యకర్తలు కేఎఫ్‌సీ మీద దాడి చేశారు. పిజ్జా మాత్రం అంత గొడవ లేకుండా పనీర్ వేసుకుని, కొన్నిచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసి ఇంట్లోవాళ్లలో కలిసిపోయింది. విదేశీ పెట్టుబడి మీద వాదించే పార్టీల నాయకుల పిల్లలు కూడా ఈపాటికి ఓ పుట్టినరోజైనా అక్కడ చేసుకునే ఉంటారు.

పెద్దావిడ అనుమానం వేరు. ‘‘కోడీ, కూరగాయలూ ఒకే పొయ్యి మీదేనా?’’ అని కోడలి చెవిలో అడిగారు. కోడలు నవ్వి ఊరుకుంది. కోస్తా పట్టణాల్లో ఒకప్పుడు భోజన హోటళ్ల బోర్డుల మీద కులం పేరు ఉండేది. ఇక్కడ ఎవరినీ ఏమిటోళ్లని అడగరు, అది చిన్న విషయం కాదు. అయితే టిఫిన్ హోటల్లో కుర్చీ ఖాళీగా ఉంటే ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఇక్కడ ఎవరి బల్ల వాళ్లదే. ధర చూశాక లోపలికే రానివాళ్ల సంగతి సరేసరి.

ఉన్నట్టుండి పాట గట్టిగా మోగింది. వడ్డించే పిల్లలంతా పళ్లేలు పక్కనపెట్టి బల్లల మధ్య డాన్సు మొదలుపెట్టారు. మనవరాలు చప్పట్లు కొట్టింది. పెద్దాయన తలవంచుకుని ఫోర్కుతో కుస్తీ పట్టారు. తమ బల్లకు వడ్డించిన అమ్మాయి పాట అయ్యాక రొప్పుతూ నీళ్లు పోయడానికి వస్తే, అప్పుడు తలెత్తారు.

‘‘ఏ ఊరమ్మా?’’

అప్పటిదాకా ఇంగ్లిష్ తప్ప మాట్లాడని పిల్ల. ‘‘సూర్యాపేట దగ్గర సార్’’ అంది.

‘‘మీ నాన్న ఎప్పుడన్నా వచ్చి తిన్నాడా ఇక్కడ?’’

‘‘లేదు సార్. రమ్మంటే సిగ్గుపడతడు.’’

‘‘తీసుకురా. నేనూ ఇవాళే మొదటిసారి రావడం’’ అన్నారాయన. ఆ మాట కొడుకుతో కూడా ఒప్పుకోలేదు. ఫోర్కు పక్కనపెట్టి ముక్కను చేత్తో పట్టుకున్నారు. అది అలా తినేదేనని అమ్మాయి చెప్పింది.

బిల్లు వచ్చినప్పుడు అలవాటుగా ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. కొడుకు అప్పటికే కార్డు పెట్టేశాడు. 640 రూపాయలు. దాదాపు ఇంట్లో నెల పాల ఖర్చు. ఆయన ఏమీ అనలేదు. డబ్బు తనది కానప్పుడు దుబారా గురించి మాట్లాడటం కష్టమని రిటైరయ్యాక ఆయనకు అర్థమవుతూ వచ్చింది. వాకిట్లో వేలాడుతున్న గంటను మనవరాలు అందుకోలేకపోతే, ఎత్తి కొట్టించారు.

మిగిలిన రెండు ముక్కలు అట్టపెట్టెలో ఇంటికొచ్చాయి. మర్నాడు పొద్దున భార్య వాటిని దోసెల పెనం మీద వెచ్చచేసి, పక్కన కాస్త కారప్పొడి వేసి ఇచ్చారు. ఈసారి ఆయన ఇష్టంగానే తిన్నారు. చెయ్యి కడుక్కుని పేపరు తీస్తూ, ‘‘ఆ పిల్ల వాళ్ల నాన్న వస్తాడంటావా?’’ అని అడిగారు. ఆవిడకు ఏ పిల్లో గుర్తు రావడానికి కాసేపు పట్టింది.