నోటీస్ పీరియడ్‌లో కప్పు కొట్టిన టీమ్

నోటీస్ పీరియడ్ అంటే మన ఆఫీసుల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పదింటికి రావడం, పదిన్నరకి టీ, ఆ తర్వాత నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరుతో పాత డాక్యుమెంట్లకి తేదీలు మార్చడం. రెండో నెలకొచ్చేసరికి మేనేజర్ కూడా పలకరించడం మానేస్తాడు. తప్పేం లేదు. ఖాళీ చేసే ఇంటికి సున్నం ఎవరు కొట్టిస్తారు?

అలాంటిది, ఈ సీజన్ అవ్వగానే మీ టీమే ఉండదు అని చెప్పేసాక, ఆ రోజు నుంచి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఆడి దేశంలోకెల్లా పాత కప్పు ఎత్తుకుపోయిన వాళ్ళున్నారు. జపాన్‌లో, యొకొహామాలో. టీమ్ పేరు యొకొహామా ఫ్లూగెల్స్. నేను రాద్దామనుకున్నది నిజానికి వాళ్ళు పోయాక పుట్టిన యొకొహామా ఎఫ్‌సీ గురించి. కానీ తండ్రి సంగతి చెప్పకుండా కొడుకు కథ మొదలుపెట్టడం కుదరదు కదా.

ముందే చెప్పేస్తా, నాకు ఫుట్‌బాల్ పిచ్చి లేదు. అందరిలాగే క్రికెట్టే. 2024లో క్లయింట్ పని మీద కొన్నాళ్ళు యొకొహామాలో ఉన్నా. క్లయింట్ వైపు టెస్టింగ్ చూసే ఒక పెద్దాయన లాప్‌టాప్ మూత మీద నీలం రంగు పక్షి స్టిక్కర్ ఉండేది. అదేంటండీ అని అడిగా. ఫీనిక్స్ అన్నాడు. బగ్ రిపోర్ట్‌లో కూడా మూడు లైన్లు మించి రాయని మనిషి, ఆ స్టిక్కర్ గురించి లంచ్ అంతా మాట్లాడాడు. ఆ శనివారం మిత్సుజావా స్టేడియానికి తీసుకెళ్ళాడు కూడా. పదిహేను వేల మంది పట్టే చిన్న గ్రౌండ్. ఆ మధ్యాహ్నం విన్నవీ, ఆ తర్వాత నేను కూర్చుని చదువుకున్నవీ కలిపి ఇది.

1993లో జపాన్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్, అదే జె లీగ్, మొదలైనప్పుడు ఉన్న పది క్లబ్బుల్లో యొకొహామావే రెండు. ఒకటి నిస్సాన్ వాళ్ళ మరినోస్, రెండోది ఫ్లూగెల్స్. జర్మన్‌లో ఫ్లూగెల్ అంటే రెక్క. వెనకాల ఉన్నది ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ కాబట్టి ఆ పేరు. వాళ్ళతో పాటు సాతో కోగ్యో అనే నిర్మాణ కంపెనీ కూడా డబ్బు పెట్టేది. టీమ్ అల్లాటప్పా టీమేం కాదు. 1998 ప్రపంచ కప్పులో మొట్టమొదటి గోల్ కొట్టిన బ్రెజిల్ ఆటగాడు సెజార్ సంపాయో అప్పటికి ఈ క్లబ్బు మనిషే.

అయితే జపాన్‌లో భూముల బుడగ పేలాక నిర్మాణ కంపెనీల పరిస్థితి ఏమయిందో ఊహించుకోవచ్చు. సాతో కోగ్యో ఇక మావల్ల కాదంది (2002లో ఆ కంపెనీయే దివాలా తీసింది). మొత్తం ఖర్చు ఒక్కరం మొయ్యలేం అని విమానాల వాళ్ళన్నారు. అటు నిస్సాన్ కూడా అప్పుల్లో మునిగి ఉంది. మరుసటి ఏడాదే రెనో చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. ఇద్దరు యజమానులూ కూర్చుని లెక్క వేసుకున్నారు. ఊళ్ళో రెండు టీములెందుకు, ఒకటి చాలు. 1998 అక్టోబర్ 29న విలీనం అని ప్రకటించారు. విలీనం అంటే ఏముంది, మరినోస్ ఉంటుంది, ఫ్లూగెల్స్ ఉండదు. పోయిన టీమ్ గుర్తుగా మరినోస్ పేరు ముందు "ఎఫ్" అని ఒక అక్షరం చేర్చారు. యొకొహామా ఎఫ్. మరినోస్. ఇప్పటికీ అదే పేరు.

ఈ అక్షరం దగ్గర నేను కాసేపు ఆగిపోయా. ఎందుకంటే మా కంపెనీని కూడా ఆమధ్య ఇంకో పెద్ద కంపెనీ కొంది (పేర్లెందుకు లెండి). సాయంత్రం నాలుగింటికి మెయిల్ వచ్చింది, మనమంతా ఇక ఒకే కుటుంబం అని. కుటుంబం అన్న మాట కంపెనీ మెయిల్లో కనబడితే రెజ్యూమె అప్‌డేట్ చేసుకోవాలని మా సీనియర్ ఒకాయన చెప్పేవాడు. మెడలో తాడు రంగు మారింది. కాంటీన్‌లో ప్లేట్లు మారాయి. చివరికి మా పాత కంపెనీ పేరులోని మొదటి అక్షరం ఒకటి ప్రాజెక్ట్ కోడ్ ముందు మిగిలింది. బిల్లింగ్ వాళ్ళ సౌలభ్యం కోసం.

సరే, అసలు కథ. ప్రకటన వచ్చిన రెండు రోజులకి సెరెజో ఒసాకాతో లీగ్ మ్యాచ్. 7-0తో గెలిచారు. ఒకపక్క అభిమానులు వీధుల్లో సంతకాలు సేకరిస్తున్నారు. అవేవీ పని చెయ్యలేదు. ఇంకోపక్క టీమ్ గెలుస్తూనే ఉంది. సీజన్ మొదట్లో ఉన్న కోచ్ కార్లెస్ రెషాక్ మధ్యలోనే వెళ్ళిపోతే, గెర్ట్ ఎంగెల్స్ అనే జర్మన్ పగ్గాలు పట్టుకుని ఉన్నాడు. లీగ్ అయిపోయాక ఎంపరర్స్ కప్. నాకౌట్ కాబట్టి ఓడిపోయిన రోజే క్లబ్బుకి ఆఖరి రోజు. అంటే ప్రతి మ్యాచూ, క్లబ్బు ఇంకొన్నాళ్ళు బతకాలంటే గెలవాల్సిన మ్యాచే. సెమీస్‌లో కషిమాని కొట్టారు. ఆ ఏడాది లీగ్ ఛాంపియన్ అది. 1999 జనవరి 1న టోక్యో నేషనల్ స్టేడియంలో ఫైనల్. షిమిజు ఎస్-పల్స్ ముందు గోల్ కొట్టింది. వీళ్ళు సమం చేసారు. రెండో సగంలో తకయుకి యోషిదా కొట్టిన గోల్‌తో 2-1. కప్పెత్తారు, ఫోటోలు దిగారు, క్లబ్బు అయిపోయింది.

అప్పుడు ఆ టీములో ఉన్న కుర్రాళ్ళు ఎవరో చూడండి. స్కూలు అయిపోగానే 1998లోనే చేరిన పద్దెనిమిదేళ్ళ యసుహితో ఎండో. తర్వాత జపాన్ తరఫున 152 మ్యాచ్‌లాడాడు, ఆ దేశంలో అదే రికార్డు. గోల్‌కీపర్ నరజకి నాలుగు ప్రపంచ కప్పులకి వెళ్ళాడు. ఆఖరి గోల్ కొట్టిన యోషిదా కోచ్ అయి 2023, 2024లో విస్సెల్ కొబేని వరుసగా లీగ్ ఛాంపియన్‌గా నిలబెట్టాడు. ఖర్చు తగ్గించుకోవడానికి మూసేసిన టీమండీ ఇది!

ఇక్కడిదాకా ఏడుపు కథ. ఏడ్చి ఊరుకుంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

మరినోస్‌ని మా టీమ్ అనుకోండి అంటే చాలామంది ఫ్లూగెల్స్ అభిమానులు ఒప్పుకోలేదు. నిన్నటిదాకా తిట్టుకున్న టీముకి ఇవాళ చప్పట్లు కొట్టమంటే ఎలా? బార్సిలోనాలో సభ్యులే క్లబ్బుకి యజమానులు కదా, వాళ్ళని సోషియోలంటారు కదా, మనమూ అలా చేద్దాం అని తలా ఇంత వేసుకుని 1999లో యొకొహామా ఎఫ్‌సీ పెట్టారు. పాత క్లబ్బు ముద్దుపేరు ఫులియె. దాన్ని నడిపే కంపెనీ పేరులో ఆ మాట పెట్టుకున్నారు. జపాన్‌లో అభిమానులు సొంతంగా పెట్టుకుని నడుపుకున్న మొదటి ప్రొఫెషనల్ క్లబ్బు అది. జర్మనీకి వెళ్ళి బుందెస్‌లీగాలో ఆడిన మొదటి జపాన్ ఆటగాడు ఒకుదెరా క్లబ్బు ప్రెసిడెంట్‌గా వచ్చాడు. 1990లో ప్రపంచ కప్పు గెలిచిన జర్మనీ జట్టులోని లిట్‌బార్‌స్కీ మొదటి కోచ్. కానీ మొదలుపెట్టింది మాత్రం మూడో మెట్టు మీద. పాత క్లబ్బు స్థానం మాకివ్వండి అంటే ఎవరిస్తారు? 1999లో ఆ మూడో లీగ్ గెలిచినా ప్రత్యేక సభ్యులు కాబట్టి ప్రమోషన్ లేదన్నారు. (ఎక్కడో విన్నట్టుంది కదూ. రేటింగ్ బావుంది కానీ ఈ సైకిల్‌లో బడ్జెట్ లేదు!) 2000లో మళ్ళీ గెలిచి 2001లో రెండో డివిజన్, అంటే జె2, ఎక్కారు.

మన సంగతి గుర్తు చేసుకోండి ఒకసారి. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ మన హైదరాబాద్ టీమే. అప్పుడు నాకు పదకొండేళ్ళు, గిల్‌క్రిస్ట్ అంటే ప్రాణం. యాజమాన్యం అప్పుల్లో పడింది, 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఆ టీముని రద్దు చేసింది. 2013 వేసవికల్లా మనందరం నారింజ రంగు జెండాలు ఊపుతున్నాం. నేనూ ఊపా, 2016లో కప్పొస్తే టపాసులు కూడా కాల్చా. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఐపీఎల్లో కింది మెట్టు అంటూ లేదు, అభిమానులు చందాలేసుకుని టీమ్ పెట్టినా ఎక్కడానికి నిచ్చెనే లేదు. జపాన్ వాళ్ళకి మనకంటే అభిమానం ఎక్కువని కాదు, వాళ్ళకి మూడో డివిజన్ ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే అనిపిస్తుంది. పట్టుదల ఉంటే సరిపోదు, మొదట్నించీ మొదలుపెట్టడానికి ఒక తలుపు తెరిచి ఉండాలి.

పోనీ తలుపు తెరుచుకుని వచ్చాక అంతా బంగారమేనా అంటే, అదీ లేదు. సోషియోలకీ క్లబ్బు నడిపేవాళ్ళకీ మధ్య అభిప్రాయభేదాలొచ్చాయి. ఓటెవరిది, పెత్తనమెవరిది అన్న పాత తగువే. 2000ల మధ్యకొచ్చేసరికి పెద్ద పెట్టుబడి పెట్టి పగ్గాలు తీసుకున్నది కాంటీన్లూ ఆస్పత్రుల భోజనాలూ చూసే లియోక్ అనే కంపెనీ. కంపెనీ చేతుల్లో టీమ్ చచ్చిపోయిందని పెట్టుకున్న క్లబ్బు, చివరికి ఇంకో కంపెనీ చేతికే వెళ్ళింది. దీన్ని నేను ద్రోహం అనను. చందాలతో మూడో డివిజన్‌లో బతకొచ్చు, పైకెళ్ళాలంటే ఆటగాళ్ళకి నెల నెలా జీతాలివ్వాలి. కానీ ఆ మొదటి రోజుల్లో డబ్బేసిన వాళ్ళకి ఎలా అనిపించి ఉంటుందో ఆలోచిస్తే మాత్రం కొంచెం కలుక్కుమంటుంది.

కంపెనీ వచ్చాక కజు వచ్చాడు. కజుయోషి మియురా, 1967లో పుట్టాడు, జపాన్‌లో ఫుట్‌బాల్ అంటే ఆయనే. 1998 ప్రపంచ కప్పు జట్టులోంచి ఆఖరి నిమిషంలో తీసేస్తే దేశమంతా బాధపడింది. 2005లో, 38 ఏళ్ళ వయసులో ఈ రెండో డివిజన్ టీములో చేరాడు. ఫ్లూగెల్స్ పాత ఆటగాడు యమగుచి కూడా ఆ ఏడాదే వచ్చి చేరాడు. 2006లో గోల్స్ కొట్టడం కంటే పడకుండా చూసుకోవడమే మతంగా ఆడి రెండో డివిజన్ గెలిచారు. 2007లో మొదటిసారి పై డివిజన్. మార్చిలో మిత్సుజావాలో మరినోస్‌ని 1-0తో ఓడించారు. మా పెద్దాయన ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు చాప్‌స్టిక్స్ పక్కన పెట్టేసాడు. ఆ తర్వాత వరస ఓటములు, 34 మ్యాచుల్లో గెలిచింది నాలుగే, అట్టడుగు స్థానం. అయితే ఆఖరి రోజున ఉరావా రెడ్స్ మీద 1-0. గోల్‌కి బంతి అందించింది నలభై ఏళ్ళ కజు. ఉరావా ఆ ఏడాది ఆసియా ఛాంపియన్, ఆ మ్యాచ్ గెలిస్తే లీగ్ కూడా వాళ్ళదే. పోయింది, కషిమా ఎత్తుకుపోయింది.

ఆపైన 12 ఏళ్ళు రెండో డివిజనే. 2017 మార్చిలో 50 ఏళ్ళ 14 రోజుల వయసులో కజు గోల్ కొట్టింది కూడా ఆ డివిజన్లోనే. ఆ తర్వాతి లెక్క మన భాషలో చెప్పాలంటే రిలీజ్, రోల్‌బ్యాక్, రిలీజ్, రోల్‌బ్యాక్. 2019లో ఎక్కారు, 2021లో దిగారు, 2022లో ఎక్కారు, 2023లో దిగారు, 2024లో ఎక్కారు, 2025లో దిగారు. 2001 నుంచి 2025 దాకా 25 సీజన్లలో పై డివిజన్లో ఆడింది ఐదే. అందులో దిగిపోనిది ఒక్క 2020, అదీ కరోనా వల్ల ఆ ఏడాది ఎవర్నీ దించలేదు కాబట్టి. అదే పాతికేళ్ళలో ఎఫ్. మరినోస్ నాలుగుసార్లు లీగ్ గెలిచింది. స్ప్రెడ్‌షీట్‌లో చూస్తే 1998లో ఆ ఇద్దరు యజమానులు చేసిందే కరెక్ట్ అనిపిస్తుంది.

ఈ మాటే పెద్దాయనతో అన్నా. మరినోస్ వాళ్ళు కూడా మంచివాళ్ళే, మా అల్లుడు అటువైపే అన్నాడు. పండక్కి వస్తే ఫుట్‌బాల్ మాటెత్తరట. 2025 చివర్లో టీమ్ మళ్ళీ కిందకి దిగాక పలకరింపుగా ఒక మెయిల్ పెట్టా. రెండు లైన్ల జవాబొచ్చింది. సీజన్ టికెట్ కొనేసాడట. మీ కొత్త కంపెనీ ఎలా ఉంది అని అడిగాడు.