దవడ చివరి దంతము, తిమ్మిరి సూది

జ్ఞానదంతము తీయించుకొనుటకై నాయొద్దకు వచ్చువారిలో దంతము పోవుచున్నదని విచారించినవారిని నేను మిక్కిలి అరుదుగా చూచితిని. వారి భయమంతయు నొప్పిని గూర్చినది, అందులోను పెద్దపాలు సూదిని గూర్చినది. 17 మొదలు 25 ఏండ్ల ప్రాయములో, తక్కిన దంతములన్నియు తమ తమ స్థానములను ఆక్రమించుకొన్న తరువాత, దవడ కట్టకడపట మొలవవలసినదగుటచేత ఈ దంతము తరచుగా ఎముకలోనే ప్రక్కకు వాలి, ముందున్న దంతమునకు ఆనుకొని నిలిచిపోవును. సగము మాత్రమే పైకి వచ్చినచో, దానిని కప్పియున్న చిగురుపొర క్రింద ఆహారపు తునుకలు చేరి, వాచి, చీముపట్టి, దవడ బిగిసి నోరు తెరచుటయే కష్టమగును. అప్పటికి రోగి లవంగము అదిమిపెట్టుకొని, ఉప్పునీరు పుక్కిలించి, మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న బిళ్లలు మ్రింగి, నిద్రలేని రాత్రులు కొన్ని గడపి, ఇక సహింపజాలక వచ్చును. ఆ స్థితిలో వచ్చిన మనుష్యుని మరియొక నొప్పికి లోను చేయకుండ దంతమును తీయగలుగుటయే నా వృత్తిలో నేను అన్నిటికంటె గౌరవించు విద్య.

ఈ విద్యకు వయస్సు ఎక్కువ లేదు. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకెయిన్ చుక్కలు వేసి కంటికి స్పర్శ తెలియకుండ చేయవచ్చునని నిరూపించెను. కొలది నెలలలోనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, ఆయన సహచరులు అదే మందును క్రింది దవడకు పోవు నరము దగ్గర ఎక్కించి ఆ ప్రక్కనంతయు తిమ్మిరెక్కించిరి. నేడు నేను చేయుచున్న పనియు అదియే. తమమీద తామే ప్రయోగములు చేసికొన్న ఫలితముగా హాల్‌స్టెడ్ ఆ మందునకు బానిసయై దీర్ఘకాలము బాధపడెను. ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీలో ఐన్‌హార్న్ తయారుచేసిన నోవొకెయిన్ ఆ వ్యసనభయమును తొలగించెను. 1943లో స్వీడన్ దేశమున నీల్స్ లోఫ్‌గ్రెన్ రూపొందించిన లిగ్నోకెయిన్ దానిని వెనుకకు నెట్టి, నేటికిని మన దంతవైద్యశాలలలో నిలిచియున్నది. నూటికి రెండు పాళ్లు లిగ్నోకెయిన్, 80,000 పాళ్లకు ఒక పాలు ఎడ్రినలిన్: మన ప్రాంతములలో సాధారణముగా వాడు మందు ఇదియే. ఎడ్రినలిన్ రక్తనాళములను ముడుచుకొనజేసి మందును అచ్చటనే నిలుపును, రక్తస్రావమును తగ్గించును.

క్రింది దవడ నరము ఎముక లోపలివైపున నున్న చిన్న రంధ్రములో ప్రవేశించి, ఆ ప్రక్కనున్న దంతముల వేళ్లన్నిటికిని శాఖలనిచ్చి, గడ్డము దగ్గర బయటపడి క్రింది పెదవికి స్పర్శజ్ఞానమునిచ్చును. రంధ్రములో దూరకముందే దానిని పట్టుకొనవలెను. బొటనవ్రేలితో దవడయెముక ముందంచునందలి పల్లమును తడవి, బుగ్గను బిగువుగా లాగి పట్టి, సూదిని ఎముక తగులువరకు, అనగా సుమారు రెండున్నర సెంటీమీటర్లు, పోనిచ్చి, మొన రక్తనాళములో పడలేదు గదాయని పిడిని ఒకమారు వెనుకకు లాగి చూచి, మందును మెల్లమెల్లగా ఒక నిమిషమునకు తక్కువ కాకుండ ఎక్కింపవలెను. ఏలయనగా సూదినొప్పి చాలవరకు మొనవలన గాక, మందును తొందరగా నెట్టుటవలన కలుగును. ఆ తరువాత చేయవలసినది కేవలము వేచియుండుట. కొన్ని నిమిషములకు రోగి పెదవి తడవుకొని "పెదవి దళసరెక్కింది డాక్టరుగారూ" అనును. కొందరు అద్దమడిగి, పెదవి వాచలేదని చూచుకొని ఊరడిల్లుదురు. ఆ మాట వినబడువరకు పనిముట్టు చేతబట్టరాదని నా నియమము. బయట బల్లమీద జనము నిండియున్నపుడు ఈ నిరీక్షణ వైద్యునికి భారముగా తోచును. కాని ఇచ్చట మిగుల్చుకొన్న ఐదు నిమిషములకు మూల్యము చెల్లించువాడు కుర్చీలోని మనుష్యుడు.

ఒక ప్రాథమిక పాఠశాల మేష్టారు ఈ విషయమున నాకు చిరస్మరణీయుడు. యౌవనములో ఎచ్చటనో ఇద్దరు మనుష్యులు భుజములు పట్టుకొనగా ఆయన దంతమొకటి తీయబడినదట. అది మొదలు పన్ను నొప్పి వచ్చినను భరించి ఊరకుండెనే గాని వైద్యుని గడప త్రొక్కలేదు. కడకు నాయొద్దకు వచ్చినపుడు నేను ఆయనతో ఒక ఒప్పందము చేసికొంటిని: "మేష్టారూ, మీ ఎడమచేయి ఎత్తండి చాలు, నేను ఆగిపోతాను. ఎందుకని అడగను, ఇంకొక్క నిమిషం అనను." పెదవి తిమ్మిరెక్కినది, నాలుకలో సగము తిమ్మిరెక్కినది. చిగురును నాలుకవైపున గ్రుచ్చి చూచితిని, చలనము లేదు. బుగ్గవైపున గ్రుచ్చగానే చేయి లేచినది. ఆ వైపు చిగురునకు స్పర్శనిచ్చు నరము వేరు, దానికి వేరుగా మందెక్కించితిని. దంతమును కదలించునపుడు రెండవమారు చేయి లేచినది. "నొప్పా?" అంటిని. "నొప్పి కాదు గానీ, నొక్కుతున్నట్టు తెలుస్తోందండీ. ఇహ నొప్పి మొదలవుతుందేమోనని..." అనెను. నొప్పిని మోయు సన్నని నరపుపోగులు మందునకు ముందుగా లొంగును, ఒత్తిడిని తెలుపు లావుపోగులు ఆలస్యముగా లొంగును, ఒక్కొక్కప్పుడు లొంగవు కూడ. కనుక నొక్కుడును, ఎముకలో కరకరమను చప్పుడును తెలియునని ముందే చెప్పియుండినను, మరల ఓపికతో చెప్పితిని. దంతమును మరతో రెండుగా కోయునపుడు మూడవమారు లేచినది. ఈమారు ఆయన "సుర్రుమందండీ" అనెను.

ఇచ్చటనే వైద్యుని స్వభావము బయటపడును. పెదవి మొద్దుబారినది గనుక నొప్పి యుండజాలదు, ఇదంతయు భయమేయని తేల్చివేయుట సులభము, శాస్త్రీయముగా కూడ కనబడును. కాని దవడ చివరి దంతమునకు ప్రధాన నరము గాక, ఎముక లోపలితట్టున పోవు మరియొక నరపు శాఖయు కొందరిలో స్పర్శనిచ్చుచుండును. పెదవి మొద్దుబారుట దంతము మొద్దుబారినదనుటకు పూర్ణసాక్ష్యము కాదు. నొప్పియున్నదా లేదా యనుటకు రోగి మాటకు మించిన పరీక్ష నేనెరుగను. లోపలితట్టున కొంచెము మందిచ్చి, దంతము చుట్టును మరికొంచెమిచ్చి, మరల వేచియుంటిని. ఆ పిమ్మట చేయి లేవలేదు. తీసిన దంతమును చూపగా మేష్టారు దాని వంకరవేళ్లను చాలసేపు త్రిప్పి చూచి, కాగితములో కట్టి జేబులో పెట్టుకొనెను.

మందు ఎంత మంచిదైనను చీమున్నచోట దాని బలము తగ్గును. వాచిన కండలో ఆమ్లగుణము పెరుగును; ఆమ్లములో లిగ్నోకెయిన్ నరపు పొరను దాటిపోగల రూపమును పొందజాలదు. లంకగ్రామమునుండి పడవ దాటి వచ్చిన ఒక రైతు ఇల్లాలికి చెంప ఉబ్బి, నోరు రెండు వ్రేళ్ల పట్టు కూడ తెరచుకొనలేదు. సూది పోవలసిన చోటికి దారియే లేదు. చీము పోవుటకు మార్గము చేసి, మందులు వ్రాసి, వాపు తీసిన తరువాత రమ్మనగా, వెంటవచ్చిన మరిది "ఇంత దూరం వచ్చామండీ, ఓ రెండు సూదులెక్కువేసి పీకెయ్యండి బాబూ" అని కోపపడెను. ఆమె మాత్రము తల అడ్డముగా త్రిప్పెను. వారము గడచిన పిదప ఆమె నవ్వుచు నోరు తెరచెను. ఒక్క సూదితోనే పని జరిగినది. సూదిమీద సూది పొడిచి చీములోనే పెనుగులాడుట శౌర్యము కాదని నా నిశ్చితాభిప్రాయము.

సూదిని చూచినంతనే స్పృహ తప్పువారు గలరు, వారిలో బలిష్ఠులైన యువకులే ఎక్కువ. తల దించి కాళ్లు ఎత్తి పరుండబెట్టినచో క్షణములలో తేరుకొందురు. పెద్ద శస్త్రచికిత్స యనుకొని పరగడుపున వచ్చుట ఇందుకు తరచుగా కారణము. స్థానికముగా ఇచ్చు ఈ మత్తునకు ఉపవాసము అక్కరలేదు. టిఫిను తిని రండు.

గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము, రక్తము పలుచనగుటకు వాడు బిళ్లలు, గర్భము: వీనిలో ఏది యున్నను కుర్చీ ఎక్కకముందే చెప్పవలెను, ఎడ్రినలిన్ గుండెవేగమును హెచ్చించును గనుక మందు మోతాదును తదనుగుణముగా నిర్ణయింతుము. పని ముగిసిన తరువాత మూడు నాలుగు గంటలు పెదవి మన వశములో నుండదు. పొగలు గ్రక్కు కాఫీతో నోరు కాల్చుకొన్నవారిని, పెదవిని పుండగునట్లు కొరికికొన్న చిన్నవారిని చూచితిని. నొప్పిబిళ్లను నొప్పి వచ్చినపుడు గాక, తిమ్మిరి పూర్తిగా దిగకముందే వేసికొనుడు. ఆ రాత్రి నిద్ర దానిమీద ఆధారపడియున్నది. కొందరికి దంతపు వేళ్లు దవడ నరమును ఆనుకొనియే యుండును. ఎక్స్‌రేలో అట్లు కనబడినచో ముందుగానే చెప్పుదుము. మరునాటి ఉదయమునకును పెదవి తిమ్మిరి వీడకున్నచో అదే పోవునని ఊరకుండక, తిరిగివచ్చి చూపుడు. ఇట్టివి ఎక్కువభాగము వారములలోనో నెలలలోనో తగ్గునవే, కాని వాని గతిని మొదటినుండి వైద్యుడు గమనించుచుండవలెను.