సాహిత్ పట్టుకున్న తప్పు

2024 గోల్ఫ్ టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటా. మూడో రౌండ్లో ఇసుక గుంటలోంచి కొట్టబోతూ సాహిత్ తీగల తన కర్ర వెనక్కి లేపాడు. కర్ర తగిలి కాసిని రేణువులు కదిలినట్టు అతనికి అనిపించింది. అలా తగలకూడదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల జరిమానా!

చివరికి మూడో స్థానం. రెండో స్థానం సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో ఉండిపోయింది. ఆ స్థానంలో సమంగా నిలిచుంటే ఇంకో 25 లక్షల డాలర్లు వచ్చేవి. ఎంత గట్టి మనసు!

హైదరాబాద్ మూలాలున్న ఈ కాలిఫోర్నియా కుర్రాడు 2020లో కాలేజీ గోల్ఫ్ అవార్డులైన హాస్కిన్స్, హోగన్, నిక్లస్ మూడూ గెలిచాడు. 2022లో ఫీనిక్స్ ఓపెన్‌లో 17వ హోల్ దగ్గర బంతి నీళ్లపాలై తొలి టైటిల్ చేజారింది. అది 2023 సెప్టెంబరులో నాపాలో దక్కింది, అమ్మానాన్నల కళ్లెదుటే.

అట్లాంటా తర్వాత 2024 సెప్టెంబరులో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా తరఫున ఆడాడు.