అరకు ఘాట్‌లో పాత కారు

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా చదును రోడ్డే. ఆ తర్వాత కొండ మొదలవుతుంది. టైడా అడవి, అనంతగిరి కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, గాలికొండ మలుపులు... అద్దం దించుకుని కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. అయితే మీది పాత కారా? ఒక కన్ను కిటికీ వైపు ఉంచినా, రెండో కన్ను ఇంజిన్ వేడి చూపించే ముల్లు మీద ఉంచండి.

"బండి సంగతులు మనకెందుకమ్మా" అంటారా? ఇది మీ వంటింటి విద్యే! రేడియేటర్ మూత కుక్కర్ మూత లాంటిదే. లోపలి నీటిని ఒత్తిడిలో పెట్టి, 100 డిగ్రీల దగ్గర మరిగిపోకుండా ఆపుతుంది. మూత రబ్బరు పాతబడితే ఆ ఒత్తిడి నిలవదు. పైగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ నీరు సుమారు ఒక డిగ్రీ ముందే మరుగుతుంది. ఊళ్లో బాగానే తిరిగిన బండి ఘాట్‌లో పొగలు కక్కడానికి ఇదొక కారణం.

రెండోది, ఎక్కుడులో ఇంజిన్‌కి శ్రమ ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌నే తీసుకోండి. పాత మోడళ్లలో ఫ్యాను ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది. పెద్ద గేరులో మూలుగుతూ ఎక్కిస్తే ఫ్యానూ నీరసంగా తిరుగుతుంది. చిన్న గేరు వేస్తే ఫ్యానూ, నీటి పంపూ చురుగ్గా పనిచేస్తాయి.

బయల్దేరే రోజు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ నిండుగా ఉందో లేదో చూడమనండి. రబ్బరు గొట్టాలు పగిలాయా, బెల్టు వదులైందా అన్నదీ చూడాలి. బోరు నీళ్లు పోయొద్దు, గీజర్లో పట్టినట్టే లోపల గార పడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోస్తే తుప్పు పట్టదు, మరగడమూ ఆలస్యమవుతుంది. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం! మిగిలింది మంచినీళ్ల సీసాలో పోసి ఉంచకండి. పిల్లలకి అందనివ్వకండి.

ముల్లు పైకి పాకుతోందా? ఏసీ ఉంటే ఆపేయండి. "ఇంకో రెండు మలుపులేగా" అంటే ఒప్పుకోకండి. మలుపు కాని వెడల్పు చోట ఆపించి, చక్రం వెనక రాయి పెట్టించండి. ఆవిరి వస్తుంటే అది తగ్గేదాకా బానెట్ ఎత్తొద్దు. వేడి మీద మూత అసలు తీయొద్దు. విజిల్ దిగని కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో మీకు చెప్పాలా? మరిగే నీరు ఎగదన్ని మొహం, చేతులు కాలిపోతాయి. కనీసం అరగంట ఆగండి. రేడియేటర్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొంచెం తిప్పి, ఒత్తిడి పోనిచ్చి, అప్పుడు తీయాలి. కాలుతున్న ఇంజిన్లో చన్నీళ్లు గుమ్మరించడమూ తప్పే. వేడి గాజుగ్లాసు చిట్లినట్టు ఇంజినే పగలొచ్చు.

అందుకే డిక్కీలో 5 లీటర్ల నీళ్ల డబ్బా, ఓ పాత తువ్వాలు, పులిహోర పొట్లాలు తప్పక ఉంచుకోండి. ఆ అరగంటలో పిల్లలకి పులిహోర పెట్టి, మిరియాల తీగలు చూపించండి. బొంగు చికెన్ ఎక్కడికీ పోదు. అది తినేందుకు అందరూ క్షేమంగా చేరాలి, అంతే!